‘అంతుచిక్కని జ్వరం’ అని రాసిన ఊరికి మళ్లీ వెళ్లండి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. గత నెలలో మీ పత్రిక జిల్లా పేజీలో మా వైపు పల్లె ఒకదాని గురించి వార్త వచ్చింది. ‘అంతుచిక్కని జ్వరాలతో మంచం పట్టిన పల్లె’ అన్నది శీర్షిక. ఇంటికొకరు చొప్పున పడకేశారనీ, వైద్యశిబిరం పెట్టి మాత్రలు పంచారనీ, రక్త నమూనాలు తీసి పంపారనీ, మురుగుకాలువల వెంట బ్లీచింగ్ పొడి చల్లారనీ అందులో ఉంది. ఆ రోజు నుంచి నేను ప్రతి ఉదయం ఆ పేజీనే ముందు తిరగేస్తున్నాను. ఆ నమూనాలలో ఏం తేలిందో, ఆ జ్వరం పేరేమిటో, చుట్టూ ఉన్న నాలుగు ఊళ్లనూ వదిలి ఆ ఒక్క ఊరికే ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యమైనా నాకు కనబడలేదు. జ్వరాలు తగ్గిపోయి ఉంటాయి, అందుకు సంతోషమే. కానీ జబ్బు తగ్గడం వేరు, జబ్బు సంగతి తేలడం వేరు. తేలకుండా తగ్గిన జబ్బు వచ్చే ఏడు అదే నెలలో మళ్లీ వస్తే మనం మళ్లీ బ్లీచింగ్ పొడితోనే మొదలుపెట్టాల్సి వస్తుంది.

నేను అనంతపురం జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. డాక్టరును కాను, శాస్త్రవేత్తను కాను. కాని కారణం తెలియని జబ్బు ఒకటి ఎదురైనప్పుడు దాన్ని పట్టువదలకుండా వెతికితే ఏమవుతుందో, దొరికిన పేరేదో ఒకటి తగిలించి కాగితం మూసేస్తే ఏమవుతుందో, ఈ రెండూ దగ్గరగా చూశాను. ఆ అనుభవంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం నిడివి ఎక్కువైనా దయచేసి ప్రచురించవలసిందిగా మనవి.

ముందు మన చేలలో జరిగిన సంగతే చెబుతాను. అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లా రైతులెవరూ 2000వ సంవత్సరం ఖరీఫ్‌ను మరిచిపోయి ఉండరు. మా తమ్ముడు కళ్యాణదుర్గం దగ్గర ఐదెకరాలలో శెనక్కాయ వేశాడు. విత్తి నెల తిరక్కముందే చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి వాడుముఖం పట్టి, పది రోజులలో సాళ్లకు సాళ్లే ఎండిపోయాయి. వాన లేక ఎండిన చెట్టు ఎలా ఉంటుందో మా సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది అది కాదని వాడికి మొదటి రోజే తెలిసింది. ఆదివారం నేను చేనికి వెళితే ఒక చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. వేరు కుళ్లలేదు, తెల్లగానే ఉంది. కాండం మీద మాత్రం పైనుంచి కిందికి గోధుమరంగు చారలు దిగి, గోటితో గీకితే కింది పొర కూడా చచ్చి ఉంది. మందుల అంగడిలో అడిగితే మొవ్వుకుళ్లు తెగులన్నారు. ఊళ్లో అందరూ అదే అన్నారు. మొవ్వుకుళ్లు మనకు ఎప్పటినుంచో తెలిసిన తెగులు, దానికీ వైరసే కారణం, దాన్ని మోసేవీ తామర పురుగులనే సన్నని పురుగులే. కనుక ఆ పేరు పెట్టేయడం సులువు. తమ్ముడు మూడు దఫాలు మందు కొట్టాడు. ఎండిన చెట్లన్నీ పీకి గట్టు మీద కుప్ప పోశాడు. తెగులు ఆగలేదు.

ఆ పేరు పొసగదని చేలో నిలబడి చూసినవారికి అనుమానం కలగడానికి కారణం ఒకటుంది. మొవ్వుకుళ్లు సోకిన చెట్టు కొనమొవ్వ చచ్చినా కింది కణుపుల దగ్గర చిన్న చిన్న ఆకులతో గుబురుగా పిలకలు వేసి, గిడసబారైనా బతికి ఉంటుంది. ఇక్కడ చెట్టుకు చెట్టే చచ్చిపోతున్నది. ఈ తేడాను చిన్నదిగా తీసిపారేయకుండా పట్టుకున్న, హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు జబ్బు చెట్ల రసాన్ని పరీక్షించి, మొవ్వుకుళ్లు వైరస్ కాదని తేల్చుకుని, మరి ఏ వైరస్సో వెతుక్కుంటూ వెళ్లారు. చివరకు అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని రుజువైంది. దానికి కాండంకుళ్లు తెగులని పేరు వచ్చింది. పొగాకు పేరున్నా, మన దగ్గర ఆ వైరస్‌కు ఆటపట్టు పొగాకు తోట కాదు, వయ్యారిభామ. బీళ్లలో, గట్ల మీద, రోడ్ల పక్కన మనం రోజూ తొక్కుతూ నడిచే ఆ మొక్క మీద జబ్బు గుర్తు ఏదీ కనబడదు, కాని దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. వాన పడినప్పుడల్లా అది మళ్లీ మళ్లీ పూస్తుంది. ఆ పుప్పొడి గాలికీ, తామర పురుగుల ఒంటికి అంటుకునీ లేత శెనక్కాయ ఆకుల మీదికి చేరుతుంది. పురుగు ఆకును గీరి తిన్నప్పుడు పడిన గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక పరిశోధన పత్రంగా మిగిలేది. వాళ్లు ఇంకొక ప్రశ్న కూడా వేశారు: జబ్బు పడిన శెనక్కాయ చెట్టు నుంచి పక్క చెట్టుకు సోకుతుందా? సోకదని తేలింది. శెనక్కాయ పువ్వు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, పుప్పొడి బయటకు రాదు. అంటే మా తమ్ముడు కూలీలను పెట్టి జబ్బు చెట్లు పీకించడం వృథా శ్రమే కాదు, చేను పలచబడి తామర పురుగులు వాలడానికి మరింత అనువైంది కూడా. చేయవలసినది వేరే ఉంది. పూతకు రాకముందే గట్ల మీది వయ్యారిభామను పీకేయడం, విత్తనశుద్ధి చేయడం, చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న వేసి గాలిలో వచ్చే పురుగును అక్కడే ఆపడం. ఇందులో ఏదీ ఖరీదైన పని కాదు. ఆ ఒక్క ఏడాదే మన జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో ఈ తెగులు పడింది, నష్టం రూ.300 కోట్లకు మించిందని అంచనా వేశారు. ‘మొవ్వుకుళ్లు’ అని రాసుకుని ఊరుకుని ఉంటే రైతులు ఆ తర్వాతి ఏళ్లలో కూడా అదే మందు కొట్టి, అవే చెట్లు పీకుతూ ఉండేవారు.

చేనిలో ‘మొవ్వుకుళ్లు’ ఎలాంటి మాటో, ఆసుపత్రిలో ‘విషజ్వరం’, ‘టైఫాయిడ్’ అలాంటి మాటలయ్యాయి. సంపాదకులు గారూ, విషజ్వరం అనే జబ్బేదీ ఆధునిక వైద్యంలో లేదు. మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. తెలియలేదని ఒప్పుకోవడానికి బదులు తెలిసినట్టు కనిపించే పేరది. ఇక టైఫాయిడ్ సంగతి నేను బాగా ఎరుగుదును, ఎందుకంటే ఆ కాగితాల మీద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మన ఊళ్లలో జ్వరం వచ్చిన ప్రతివారికీ వైడాల్ పరీక్ష చేయిస్తారు. అది 1896 నాటి పరీక్ష. రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందో లేదో అది చూపదు. ఆ క్రిమికి విరుగుడుగా శరీరం తయారు చేసుకున్న పదార్థం ఎంత ఉందో మాత్రమే చూపుతుంది. ఎప్పుడో వచ్చి పోయిన జ్వరం వల్లా, టీకా వల్లా, మరో జబ్బు వల్లా కూడా అది కనబడవచ్చు. మొదటి వారంలో రక్తం కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పంపితే అసలు క్రిమి పట్టుబడే అవకాశం ఎక్కువ. అయినా ఆ పదార్థం కొలతగా వచ్చే ‘1:160 పాజిటివ్’ అన్న ఒక్క ముక్కతో వారం రోజుల సూదులు రాయడం, జ్వరం తగ్గకపోతే ‘టైఫాయిడ్ ముదిరింది’ అనడం నేను వందల సార్లు చూశాను.

అలాంటి కేసు ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కార్తీకమాసం చివర్లో, చలి మొదలైన రోజుల్లో, గొర్రెలు మేపుకునే నలభై ఏళ్ల మనిషిని పన్నెండు రోజుల జ్వరంతో మంచం మీద పెట్టి తెచ్చారు. బయట రెండు చోట్ల వైడాల్ చేయించి టైఫాయిడ్ అన్నారు. రెండు రకాల సూదులు పడ్డాయి, జ్వరం నూట మూడుకు తగ్గలేదు. మా దగ్గర మలేరియా స్మియర్, అంటే గాజుపలక మీది రక్తపు పూత, మూడు సార్లు నేనే చూశాను, ఏమీ లేదు. కళ్లు ఎర్రబడ్డాయి, ఆయాసం మొదలైంది. రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు అతనికి తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఎడమ చెయ్యి ఎత్తి చంక కింద చూసి, నన్నూ డ్యూటీ డాక్టరునూ పిలిచింది. చంకలో, వెంట్రుకల అంచున, చిటికెన వేలి గోరంత నల్లని పొక్కు ఉంది. చుట్టూ ఎర్రని గీత. చుట్టతో కాల్చినట్టుంది. నొప్పి లేదు కాబట్టి అతను చెప్పలేదు, చెయ్యి ఎత్తమని అంతకుముందు ఎవరూ అడగలేదు.

అది స్క్రబ్ టైఫస్. పొదలలో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి జాతి పురుగు పిల్ల కుట్టడం వల్ల వచ్చే జ్వరం. ముదిరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణం పోతుంది. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే పాతకాలపు, కారుచౌక మందుకు లొంగుతుంది. అతనికి ఆ రాత్రే మొదలుపెట్టారు, రెండో రోజు సాయంత్రానికి జ్వరం దిగింది. ఆ పొక్కు రోగులందరిలోనూ ఉండదు, కనుక ప్రతిసారీ ఇంత తేలికగా దొరుకుతుందని నేను అనను. కాని ఒంటినంతా విప్పి చూడటానికి ఖర్చేమీ కాదు. నడుము, గజ్జలు, చంకలు, మోకాలి వెనక చూడకుండా ‘అంతుచిక్కలేదు’ అనడం న్యాయం కాదని ఆ రాత్రి నాకు అర్థమైంది. ఆ నర్సమ్మ ఆ తర్వాత ఆ వార్డులో జ్వరంతో చేరిన ఏ రోగినీ అలా చూడకుండా వదలలేదు. అదే చలికాలంలో మరో ముగ్గురికి పొక్కు దొరికింది. ముగ్గురూ కొండవార పొదల్లోకి కట్టెలకో మేతకో వెళ్లేవారే.

జబ్బు ఎవరికి వచ్చిందన్నదే కాదు, పక్కనే ఉండి కూడా ఎవరికి రాలేదు, మనుషులతో పాటు ఇంకెవరికి వచ్చిందన్న ప్రశ్నలు ఎంత దూరం తీసుకుపోతాయో చెప్పడానికి 1974 నాటి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన పల్లెల్లో కామెర్లు వచ్చి, కడుపు ఉబ్బి జనం చనిపోయారు. కామెర్లంటే అంటువ్యాధి అనుకోవడం సహజం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి బృందం ఆ ఊళ్లకు వెళ్లి ఇంటింటా ఆరా తీసింది. జబ్బు పడిన ఇళ్లలో కుక్కలకు కూడా పొట్ట ఉబ్బి చనిపోవడాన్ని వారు గమనించారు. మనిషి తిన్నదే ఆ కుక్కా తిన్నది. కోత సమయంలో అకాల వర్షం పడి, తడిసిన మొక్కజొన్నకు బూజు పట్టింది. ఆ బూజు వదిలే అఫ్లటాక్సిన్ అనే విషమే కాలేయాన్ని తినేసింది. 397 మంది జబ్బు పడగా 106 మంది చనిపోయారు. ఆ విషాన్ని లోకం మొదటిసారి గుర్తించింది కూడా ఒక చిక్కుముడి విప్పబోయే. 1960లో ఇంగ్లండులో సుమారు లక్ష టర్కీ కోళ్లు ఏదో తెలియని జబ్బుతో చచ్చిపోతే, దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర ఆ వెతుకులాట ఆగింది. అందుకే ఈరోజు మన శెనక్కాయలను ఎగుమతి చేసేముందు అఫ్లటాక్సిన్ పరీక్ష చేస్తారు. వాన కురుస్తుండగా కాయలు పీకి తడిమీదే కుప్ప వేసే మన రైతు ఆ సంగతి తెలుసుకోవలసినంతగా ఇంకా తెలుసుకోలేదని నా బాధ.

బీహారులోని ముజఫర్‌పూర్ కథ మీ పాఠకులకు వార్తల ద్వారా తెలిసే ఉంటుంది. 1995 నుంచి ఏటా మే, జూన్ నెలల్లో అక్కడి చిన్నపిల్లలు రాత్రి బాగానే పడుకుని, తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచి, స్పృహ తప్పి చనిపోతూ వచ్చారు. ‘మెదడువాపు’ అన్న పేరుతో చాలా ఏళ్లు గడిచిపోయాయి. వైరస్ అన్నారు, ఎండ అన్నారు, పురుగుమందు అన్నారు. 2014లో ఒక్క సీజనులోనే అక్కడి రెండు ఆసుపత్రులలో 390 మంది పిల్లలు చేరితే 122 మంది చనిపోయారు. ఆ ఏడాది భారత, అమెరికా ప్రభుత్వ వ్యాధి పరిశోధన సంస్థలు కలిసి, జబ్బుపడిన పిల్లలతో పాటు అదే వయసున్న, జబ్బుపడని పిల్లలను కూడా తీసుకుని, ఇద్దరూ ముందురోజు ఏం తిన్నారో, ఎక్కడ తిరిగారో పక్కపక్కన పెట్టి చూశాయి. జబ్బుపడిన పిల్లల్లో లిచీ పండ్లు తిన్నవారూ, రాత్రి అన్నం తిననివారూ ఎక్కువగా ఉన్నారు. ఈ రెండూ కలిసినప్పుడు ప్రమాదం మరింత ఎక్కువ. లిచీలో సహజంగా ఉండే ఒక పదార్థం శరీరం చక్కెర తయారుచేసుకోవడాన్ని అడ్డుకుంటుంది. కడుపునిండా తిన్న పిల్లకు అది పెద్దగా లెక్కలోకి రాదు. బక్కచిక్కి, ఖాళీ కడుపుతో పడుకున్న పిల్లకు తెల్లవారేసరికి రక్తంలో చక్కెర పడిపోయి మెదడు దెబ్బతింటుంది. అది విషపదార్థం కావచ్చునని ముందే వాదించినవారిలో వేలూరుకు చెందిన వైరాలజిస్టు టి. జాకబ్ జాన్ ఒకరు. ఇంత వెతికాక చేసిన సూచనలు చూడండి: పిల్లలను రాత్రి అన్నం తిననిదే పడుకోబెట్టవద్దు, ఆసుపత్రికి తేగానే చక్కెర చూసి గ్లూకోజు ఎక్కించండి. అన్నం పెట్టాలని అమ్మకు ఒకరు చెప్పాలా అని ఎవరైనా అనవచ్చు. అన్నం లేకపోవడమే ప్రాణం తీస్తున్నదని రుజువయ్యాక అది తల్లికి చెప్పే మాటగా ఉండదు, ప్రభుత్వానికి చెప్పవలసిన మాటవుతుంది.

వెతకడమంటే పెద్ద యంత్రాలే కానక్కరలేదనడానికి మన పక్క జిల్లాలోనే ఉదాహరణ ఉంది. కడప జిల్లా లంకమల కొండల వైపు ఉండే కలివికోడి అనే అరుదైన పక్షిని 1848లో జెర్డన్ అనే వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. పగలు వెతికినవారికి అది దొరకలేదు. రాత్రిపూట తిరిగే పక్షి అని అక్కడి పిట్టల వేటగాళ్లకు తెలుసు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంస్థ పరిశోధకులు ఆ ఊళ్లలో బొమ్మలు చూపిస్తూ అడిగి తిరిగాక, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడే దాన్ని దీపం వెలుగులో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల ‘లేదు’ అన్నమాట ఊరివాళ్లను సరిగా అడిగాక ‘ఉంది’ అయింది. జ్వరం వచ్చిన పల్లెకు వెళ్లే మన వైద్యశిబిరం కూడా మాత్రలు పంచేముందు అరగంట కూర్చుని ఆ ఊరివాళ్లను అడగాలని నా కోరిక.

ఏలూరును కూడా ఇక్కడ తలచుకోవాలి. 2020 డిసెంబరులో అక్కడ కొద్ది రోజుల వ్యవధిలో సుమారు 600 మంది ఫిట్స్‌తో, కళ్లు తిరిగి, ఉన్నట్టుండి పడిపోయారు. అప్పుడు దేశంలోని పెద్ద సంస్థలన్నీ కదిలాయి. నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ పరీక్షించారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. ఇతర పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఆ కదలిక మెచ్చుకోదగినది. కాని ఆ విషం ఏ దారిన, ఏ రోజున, ఎవరి చేతి మీదుగా అంతమంది ఒంట్లోకి చేరిందో సామాన్యుడికి అర్థమయ్యే భాషలో చివరిమాట చెప్పి ముగించడం జరగలేదు. వార్త ఆగిన రోజునే విచారణ కూడా ఆగినట్టు జనానికి కనబడింది.

ఇక మన రికార్డుల సంగతి. 2004 నుంచి దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం నడుస్తున్నది. పల్లెలో ఆరోగ్య కార్యకర్త, ఆసుపత్రిలో డాక్టరు, ల్యాబులో మాలాంటివారం వేర్వేరు ఫారాలు నింపాలి. అవి జిల్లా కేంద్రంలో ఒకచోట కలిస్తే ఏ మూల ఏ జ్వరం లేస్తున్నదో ముందుగా తెలియాలి. మంచి ఏర్పాటు. అయితే అందులోకి పోయే మాట తప్పయితే వచ్చే లెక్కా తప్పే. ‘టైఫాయిడ్’ అని పోయిన స్క్రబ్ టైఫస్ జిల్లా లెక్కలో టైఫాయిడ్‌గానే మిగులుతుంది, ఆ ఊరికి వెళ్లినవారు మంచినీటి పైపులు చూసి వస్తారు, పొదల వైపు చూడరు. చావు కాగితంలోనూ ఇదే తంతు. మరణ కారణం రాసే ఫారం 4, ఫారం 4ఏలలో మరణం సంభవించిన తీరు కాదు, దానికి దారితీసిన జబ్బు రాయాలన్న సూచన స్పష్టంగా ఉంటుంది. గుండె ఆగడం ప్రతి చావులోనూ జరిగేదే. అయినా ‘గుండె ఆగి మృతి’ అన్న మూడు మాటలతో ఎన్ని కాగితాలు ముగుస్తున్నాయో ఆ కాగితాలు తిరగేసినవారందరికీ తెలుసు.

నా దగ్గర ఒక పాత నోటుపుస్తకం ఉంది. మా ల్యాబు నుంచి బయటి పెద్ద ప్రయోగశాలకు పంపిన నమూనాల వరుస సంఖ్యలు, తేదీలు అందులో నా కోసం రాసుకునేవాణ్ణి. జవాబు వచ్చినవాటి పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టేవాణ్ణి. టిక్కు లేని వరుసలు చాలా ఉన్నాయి. అందులో ఒకటి తొమ్మిదేళ్ల పాపది. మూడు రోజుల జ్వరం, ఫిట్స్, నాలుగో రోజు పోయింది. వెన్నునీరు తీసి మంచుపెట్టెలో పెట్టి బస్సులో నేనే పంపాను. నమూనా చేరిందన్న కబురైతే వచ్చింది గాని ఫలితం రాలేదు. ఎన్నిసార్లు ఉత్తరాలు రాసినా ఏ చోటినుంచీ సమాధానం లేదు. ఆ పాప తండ్రి ఇప్పటికీ బస్టాండులో కనబడితే పక్కకు పిలిచి, ‘సార్, మా పాపకు ఏమైందో కాగితం వచ్చిందా?’ అని అడుగుతాడు. డబ్బు అడగడం లేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయడం లేదు. తన చిన్న కూతురికి కూడా అదే వస్తుందేమోనని ఆయన భయం.

డాక్టర్లకు తీరిక ఎక్కడిది అన్న మాట న్యాయమైనదే. ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట లోపల రెండు వందల మందిని చూసే డాక్టరును ప్రతి జ్వరానికీ మూలం వెతకమని ఎవరూ అడగకూడదు. చికిత్స ఆగకూడదు, ఫలితం వచ్చేదాకా రోగి ఆగలేడు. నేను అడిగేది అందరి గురించి కాదు. వారంలో ఒకటో రెండో పొసగని కేసులుంటాయి. మందు పనిచేయవలసి ఉండీ పనిచేయనిది, ఒకే వీధిలో ముగ్గురికి ఒకేలా వచ్చినది, ఏ వయసువారికి రాకూడదో వారికి వచ్చినది. వాటిని ఒక పుస్తకంలో విడిగా రాసి, నెలకొకసారి వైద్యులు, ల్యాబ్ సిబ్బంది, పశువైద్యులు, వీలైతే వ్యవసాయ శాఖవారు ఒక బల్ల చుట్టూ కూర్చుని చూడాలి. పశువైద్యులు ఎందుకంటే, మన పల్లెల్లో మనిషీ గొర్రే ఒకే దొడ్డి పక్కన ఉంటారు. గొర్రెకు వచ్చిన దొమ్మరోగం (ఆంత్రాక్స్) మనిషికి వచ్చాక తెలుసుకోవడం కంటే ముందు తెలుసుకోవడం మేలు. కోవిడ్ కాలంలో జిల్లా కేంద్రాలకు వచ్చిన ఆర్‌టీపీసీఆర్ యంత్రాలు, వాటిని నడపడం నేర్చుకున్న పిల్లలు ఉన్నారు. అనంతపురం, కర్నూలు, కడపలలో వైద్యకళాశాలలున్నాయి. అక్కడి విద్యార్థులకు ఇలాంటి కేసు ఒకటి అప్పగించి ఊరికి పంపితే, ఏ పాఠమూ నేర్పనిది వారు నేర్చుకుని వస్తారు. పోస్టుమార్టం అంటే మనవాళ్లకున్న భయం, బాధ నాకు తెలుసు. ఆ కుటుంబం దగ్గర కూర్చుని ఎందుకు అవసరమో చెప్పి, ఫలితాన్ని మళ్లీ వారింటికే తీసుకెళ్లి చెబుతామని మాట ఇచ్చి నిలబెట్టుకుంటే కొందరైనా ఒప్పుకుంటారని నా అనుభవం.

చివరగా మీ పత్రికకు నా విన్నపం. ‘వింత వ్యాధి’, ‘అంతుచిక్కని జ్వరం’ అన్న శీర్షిక పెట్టిన ప్రతిసారీ ఆ కత్తిరింపును మీ కార్యాలయంలో ఒక ఫైలులో ఉంచండి. నమూనాలు పంపారని రాసినప్పుడు ఎన్ని, ఏ తేదీన, ఏ ప్రయోగశాలకు అన్నది కూడా రాయండి. రెండు నెలల తర్వాత అదే విలేకరిని అదే ఊరికి పంపండి. గత నెల మీరు రాసిన ఆ పల్లెకు ఈ వారమే పంపగలిగితే మరీ మంచిది. జ్వరం రాని ఇళ్లేవో, వారు నీళ్లు ఎక్కడ పట్టుకుంటారో, జ్వరం వచ్చినవారిలో ఎంతమంది కొండకు కట్టెలకు వెళ్లినవారో, ఎవరి ఒంటి మీదనైనా నొప్పిలేని నల్లపొక్కు కనబడిందో, ఊళ్లో గొర్రెలు, కుక్కలు, ఎలుకలు ఏమైనా చచ్చాయో అడిగి రమ్మనండి. పంపిన నమూనాల వరుస సంఖ్యలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రిజిస్టరులో ఉంటాయి. అవి రాసుకుని రమ్మనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
అనంతపురం.